శివరాత్రికి ఆకు రాల్చని కొండ

మొన్న ఆదివారం ఘాజియాబాద్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తోంది. అడవులు తగ్గిపోతున్నాయని స్కూల్లో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. "పాపా, దేఖో నా! యహా జంగల్ థా, అబ్ గాయబ్!" అని, ఇక్కడున్న అడవి ఇప్పుడు మాయమైందని కేకేసింది. నేను పేపర్లోంచి తలెత్తకుండానే, "పోనాదా? అగుపడ్నేదా?" అన్నాను.

అమ్మాయి నావైపు వింతగా చూసి, "వాట్ లాంగ్వేజ్ ఈజ్ దట్?" అంది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా తొంగి చూసింది. మాది తెనాలి. పోయింది అనడానికి మా ఇంటావంటా ఎవరూ 'పోనాది' అనరు, కనబడలేదనడానికి 'అగుపడ్నేదు' అసలే అనరు. ఆ రెండు మాటలూ నా నోటికి ఎప్పుడు అంటుకున్నాయో నాకే తెలియదు.

అవి మా ఆఫీసు మేడం గారివి. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయారని వాట్సాప్‌లో చూసిన రోజున ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. మొన్న మాత్రం నా నోట్లోంచి ఆవిడ మాట ఊడిపడేసరికి ఏడుపు రాలేదు, ఒళ్లంతా హుషారొచ్చింది. లేచి ఎవరినైనా చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ఏదైనా చూపించాలనిపించింది. ఆవిడ మాకు నేర్పిన చెడ్డ అలవాట్లలో అదొకటి.

మా ఆఫీసు పని గురించి చెబితే వినేవాళ్లకి ఆవులింతలొస్తాయి. ఆకాశంలోంచి తీసిన బొమ్మల్లో అడవిని కొలవడం, అంతే. ఒకే కొండని ఏడాదికేడాది చూస్తూ, ఎక్కడెంత తరిగిందో తేల్చి రాయడం. పెళ్లిచూపుల్లో నేనీ ముక్క చెబితే మా మామగారు, "అంటే అడవికి వెళ్లక్కర్లేదా?" అని అడిగి, అక్కర్లేదనగానే ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆవిడ పక్కన కూర్చుని చేస్తే ఆ పని వన్డే మ్యాచ్ ఆఖరి ఓవర్లా ఉండేది. ఆవిడ ఎప్పుడూ కుర్చీలో పూర్తిగా కూర్చునేవారు కాదు, అంచు మీద ఆనుకుని ఉండేవారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసేసి, ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వెళ్లి వేలితో పొడిచి చూపించేవారు. తెర నిండా ఆవిడ వేలిముద్రలే. తుడవడానికి చీరకొంగు ఉండనే ఉంది.

ఆవిడది పార్వతీపురం వైపు. మామూలుగా ఉన్నప్పుడు పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడేవారు. ఏదైనా దొరికి ఉత్సాహం వచ్చిందంటే మాత్రం భాష అమాంతం రైలెక్కి పార్వతీపురంలో దిగిపోయేది. "బావూ, బేగి రా! ఇదేటిదో సూడు!" అన్న కేక వినిపిస్తే చేతిలో టీ ఉన్నా సరే వదిలేసి పరుగెత్తాలి. 'బేగి' అంటే త్వరగా, 'బావూ' అంటే బాబూ అనే. నేను చేరిన కొత్తల్లో అది విని, ఈవిడ నన్ను బావా అంటోందేమిటని ఒక వారం ఇబ్బంది పడ్డాను.

ఏదైనా పట్టుకున్నవాడికి బహుమతి ఉండేది. ఆవిడ డెస్కు సొరుగులో ఒక స్టీలు డబ్బా, అందులో పలాస జీడిపప్పు. కొత్తగా నరికిన చోటు కనిపెడితే ఒక జీడిపప్పు ఇచ్చేవారు. ఒకటంటే ఒకటే. రెండోది అడిగితే, "జీడితోట కూడా అడవిలాగే నటిస్తాది, దాన్నీ పట్టుకో, అప్పుడిస్తాను" అనేవారు. పెద్ద జీతాలు తీసుకునే వాళ్లం ఆ ఒక్క పప్పుకోసం పోటీలు పడేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

ఇక 'పోనాదా, అగుపడ్నేదా' సంగతి. ప్రతి కొత్తవాడూ చేరిన నెలలోనే ఆ దెబ్బ తింటాడు. నేనూ తిన్నాను. ఒక కొండ బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి, సగం అడవి మాయమైపోయిందని ఆయాసపడుతూ వెళ్లి చెప్పాను. ఆవిడ నింపాదిగా అడిగారు.

"పోనాదా? అగుపడ్నేదా?"

"రెండూ ఒకటే కదండీ?"

"మొదటి బొమ్మ కార్తీకంది. రెండోది మాఘంది. మాఘంలో మా కొండల మీద మద్ది, బండారు, ఏగిస అన్నీ ఆకు రాల్చీస్తాయి. ఆకు రాలితే చెట్టు పోయినట్టేటి? మరి నీ జుట్టు రాలిపోతోంది కదా, నువ్వు పోయావా?"

అప్పటికే నా నెత్తి పల్చబడింది. ఆఫీసంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఆ తర్వాత ఆవిడ తన నియమం చెప్పారు. కార్తీకాన్ని కార్తీకంతోనే పోల్చాలి. వానలు తగ్గిపోతాయి, ఆకాశం కడిగినట్టుంటుంది, చెట్టుచెట్టుకీ నిండా ఆకు ఉంటుంది, అడవిని కొలవడానికి అంతకన్న మంచి నెల లేదు. ఆ నెలలోనే ఢిల్లీలో పొగమంచుకి మా ఆఫీసు కిటికీలోంచి ఎదురు మేడ కనబడేది కాదు. "పైనించి ఉపగ్రహం ఎల్తే దానికి మనం అగుపడం, మనకి మాత్రం పార్వతీపురం కొండ మీద చెట్టు అగుపడతాది" అని మురిసిపోయేవారు. సరోజినీ నగర్‌లో వాళ్ల క్వార్టర్లో గోడకి ఒక తెలుగు క్యాలెండరు, ఆఫీసులో ఆవిడ సీటు వెనక ఇంకొకటి. బొమ్మలు దాచే ఫోల్డర్లకి కూడా తెలుగు నెలల పేర్లే పెట్టించారు. తారీకులు ఉండగా ఇదేం చాదస్తమండీ, అధికమాసం వస్తే ఏం చేస్తారు అని నేను వేళాకోళమాడితే, "అధికమాసం వస్తే సర్దుకుంటాను. అడవికి ఫిబ్రవరి అంటే తెల్దు, మాఘమంటే తెలుసు" అని కొట్టిపారేసేవారు.

ఆఫీసులో హిందీవాళ్లు కూడా ఆ పేర్లకి అభ్యంతరం చెప్పలేదు. వాళ్లకీ కార్తిక్ ఉంది, మాఘ్ ఉంది, ఫాగున్ ఉంది. పక్క సీటు మిశ్రా అయితే, మా అమ్మమ్మ ఇలాగే లెక్కపెట్టేది అని సంబరపడ్డాడు. పేర్లు ఒకటే అయినప్పుడు నెలలూ ఒకటే అనుకున్నాం అందరం. అక్కడే ఉంది తిరకాసు.

మేడం గారి రిటైర్మెంటు దగ్గర పడిన వేసవిలో మా చేతిలో ఒక పని ఉంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పక్కపక్కన రెండు కొండలు. చాలా ఏళ్ల కిందట ఒక కాగితం కంపెనీకి మొదటి కొండ చుట్టూ ఖాళీ నేలలు ఇచ్చారు. అక్కడ చెట్లు పెంచుకోండి, కొండ మీద అడవిని మాత్రం ముట్టుకోకండి అని షరతు. ఇప్పుడా కంపెనీ రెండో కొండ కూడా తమకే కావాలని అడిగింది. మొదటి కొండ మీద అడవి తరగలేదని మేం రాసిస్తే రెండోదీ వాళ్ల చేతికి వెళుతుంది. తరిగిందని తేలితే వెళ్లదు. మా రిపోర్టు మీదే అంతా ఆగి ఉంది.

ఆ రెండు కొండలూ ఆవిడ చిన్నప్పుడు తమ బడి కిటికీలోంచి చూసినవే. రెండోదాన్ని 'మన కొండ' అనేవారు, నాకేదో అందులో వాటా ఉన్నట్టు. అయినా పనిలో మొహమాటం లేదు. కార్తీకం తర్వాత కార్తీకం పేర్చి చూశాం. మొదటి కొండ ఏ ఏడు చూసినా పచ్చగానే ఉంది. మధ్యలో ఒక ఏడు మాత్రం తుఫాను మబ్బు కమ్మేసి కొండే కనబడలేదు, దాన్ని వదిలేసి మరుసటి ఏడుతో సర్దుకున్నాం. 'అడవి తరగలేదు' అని రాసేశాం. ఆవిడ రెండుసార్లు చదివి సంతకం చేశారు. సంతకం చేసే ముందు ఒక్క నిమిషం ఆగి, "తరగనేదంటే సంతోషమే కదా బావూ, మరి నాకెందుకు సంతోషంగా నేదు?" అన్నారు. కంపెనీ రెండో కొండకి వచ్చేస్తుందన్న బెంగ అనుకున్నాను.

ఇక మిగిలింది రిపోర్టు అట్ట. కొంచెం అందమైన బొమ్మ వేద్దాం, ఉగాది ముందు ఆ కొండలు కొత్త చిగురేసి రాగిరంగులో మెరుస్తాయి, అది వేద్దాం అన్నారు ఆవిడ. మిశ్రాని పిలిచారు.

"మిశ్రా జీ, ఇస్ సాల్ కా ఫాల్గుణ్ కృష్ణ పక్ష్ నికాలో. అచ్ఛా సా ఫోటో చాహియే, కవర్ కే లియే."

"జీ మేడం, అభీ."

తీశాడు. పెద్ద తెర మీద వేశాడు. మేం అందరం చుట్టూ చేరి చూసి నోళ్లు వెళ్లబెట్టాం. చిగురూ లేదు, రాగిరంగూ లేదు. కొండలన్నీ ఎండిపోయి, గోధుమరంగులో, గుండు గీయించుకున్నట్టు బోడిగా ఉన్నాయి.

"ఇదేమిటి మిశ్రా జీ! యే కవర్ పే లగాయేంగే? ఫాల్గుణం చివర అడిగితే మాఘం తెచ్చావు!"

"మేడం, ఆప్ హీ నే కహా థా, ఫాగున్ కృష్ణ పక్ష్. యే వహీ హై, శివరాత్రి వాలా హఫ్తా."

"శివరాత్రి మాఘంలో వస్తుందయ్యా!"

"నహీ మేడం, ఫాగున్ మే."

"నాకు శివరాత్రి ఎప్పుడో నేర్పుతావా? పుట్టినప్పటినించీ ఉపవాసాలు ఉంటున్నాను!"

"మేరీ మా భీ రఖ్తీ హై, మేడం. ఫాగున్ మే హీ రఖ్తీ హై."

వాళ్లమ్మ కూడా ఫాగున్‌లోనే ఉపవాసం ఉంటుందట. ఇద్దరి మాటా నిజమే. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకి పున్నమితో. అందుకని పున్నమి తర్వాత వచ్చే చీకటి పక్షానికి మనం ఒక నెల పేరు పెడితే వాళ్లు ఆపై నెల పేరు పెడతారు. అదే రాత్రి, అదే శివుడు, అదే జాగారం, మనకి మాఘ బహుళం, మిశ్రా వాళ్లకి ఫాగున్. ఆవిడ అడిగింది ఉగాది ముందు పక్షం, మిశ్రా తెచ్చింది దానికి సరిగ్గా నెల ముందుది. ఇన్నేళ్లుగా ఈ తేడా బయటపడకపోవడానికి కారణం ఒకటే, కార్తీకం బొమ్మలు ఆవిడ ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు, స్వయంగా తీసుకునేవారు. నేను ఇవన్నీ ఇద్దరికీ చెప్పి రాజీ చేద్దామని గొంతు సవరించుకుంటున్నాను.

ఉన్నట్టుండి ఆవిడ మాట ఆగిపోయింది. కళ్లజోడు నుదుటి మీదకి వెళ్లింది. ముక్కు తెరకి ఆనింది.

"బావూ."

చాలా నెమ్మదిగా పిలిచారు. అంత నెమ్మదిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు.

"బావూ, బేగి రా. ఇదేటిది?"

నేను పక్కనే ఉన్నాను. వేలు పెట్టిన చోట చూశాను. చుట్టూ బోడికొండలు, మధ్యలో మా మొదటి కొండ. అదొక్కటే ముదురు పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. అంచులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

"బాగుందండీ. ఎండల్లో కూడా ఎంత ఏపుగా ఉందో!" అన్నాను.

"నీ తెనాలి తెలివి తగలెయ్య! శివరాత్రికి చలి శివశివా అని పోతాది, దాంతోపాటు ఆకూ పోవాల. మద్ది చెట్టు ఆకు రాల్చకుండా దాచుకుంటాదేటి? పక్క కొండకి నేని పచ్చదనం దీనికెక్కడిది? ఇది అడవి కాదు బావూ, జామాయిల్! అడవి నరికీసి జామాయిల్ పెట్టీసినారు!"

ఆఖరి మాటకి గది దద్దరిల్లింది. మిశ్రాకి తెలుగు అంతంత మాత్రం, కానీ జామాయిల్ అన్న మాట పట్టుకుని, "క్యా, క్యా మిలా?" అని గంతులేస్తున్నాడు. జామాయిల్ అంటే యూకలిప్టస్ అని చెప్పాను. వాడు తల బాదుకుని, "అరే బాప్ రే! సాల్‌భర్ హరా!" అన్నాడు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్టు. కార్తీకంలో అన్ని చెట్లూ పచ్చగానే ఉంటాయి కనక అది అడవిలో అడవిలా కలిసిపోయింది. శివరాత్రికి అడవి ఆకు రాల్చుకుంటే ఇది ఒక్కటే ఒంటరిగా దొరికిపోయింది.

ఆ మధ్యాహ్నం నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్న మంచి మధ్యాహ్నం. ఎవరూ క్యాంటీన్‌కి వెళ్లలేదు. ఇక వెనక్కి వెళ్లాలి, ఏ ఏడు పోయిందో పట్టుకోవాలి. మిశ్రాని తన ఫాగున్ కృష్ణపక్షాలే తీయమన్నారు, ఇప్పుడా లెక్కే గొప్పదైపోయింది. వాడు ఒక్కొక్క ఏటి శివరాత్రి బొమ్మ తెర మీద వేస్తున్నాడు, మేం అందరం చూస్తున్నాం. మొదటి కొండ పచ్చ. దానికి ముందు ఏడు పచ్చ. ఇంకా ముందు, అదీ పచ్చే. మధ్యలో ఒక ఏడు ఎర్రమట్టి మచ్చలు, జామాయిల్ కోసుకుపోయిన చోట్లు, కార్తీకానికల్లా మళ్లీ చిగిర్చేసినవి. మళ్లీ పచ్చ. కింది అంతస్తు వాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. మిశ్రా ఇంకొక బొమ్మ వేశాడు.

బోడి! మొదటి కొండ చుట్టుపక్కల కొండల్లాగే బోడిగా, ఎండాకులతో, వంకరటింకర అంచులతో ఉంది. ఒక్కసారి అందరం అరిచాం. ఒకావిడ ఈల వేసింది. ఆ బోడి బొమ్మకీ తర్వాతి పచ్చబొమ్మకీ నడుమ వచ్చిన కార్తీకం ఏదో చూస్తే, మేం తుఫాను మబ్బని వదిలేసిన ఏడాదే. ఆ శివరాత్రి దాటాక కొండని గొరిగి వానల్లో జామాయిల్ నాటారు, కార్తీకంలో మబ్బు దాన్ని దాచేసింది. మరుసటి కార్తీకానికల్లా మొక్కలు ఎదిగి పచ్చదనం కప్పేసింది, మేం దాన్నే అడవి అనుకుని సంతకం పెట్టేశాం.

ఆవిడ సొరుగు తెరిచి స్టీలు డబ్బా తీసి, మూత తీసి, మొత్తం జీడిపప్పు మిశ్రా డెస్కు మీద బోర్లించేశారు. "తిను మిశ్రా జీ, ఖావో! నీ శివరాత్రే శివరాత్రి!" అన్నారు. తర్వాత కుర్చీలో కూలబడ్డారు. మొదటిసారి ఆవిడ వీపు కుర్చీకి ఆనడం చూశాను.

"నా కార్తీకమే నన్ను ముంచింది బావూ. అందరినీ పోనాదా, అగుపడ్నేదా అని అడిగాను. నిజంగా పోయినది నాకే అగుపడ్నేదు."

కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ నీళ్లు రెండు నిమిషాలు కూడా నిలవలేదు, కొంగుతో ముందు తెర తుడిచి, తర్వాత కళ్లు తుడుచుకుని, డైరెక్టరు గారి గదికి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు.

డైరెక్టరు గారు మంచివారే, భయస్తులు. రిపోర్టు అచ్చుకి సిద్ధంగా ఉంది, కంపెనీవాళ్లతో మీటింగు ఎల్లుండి. ఆయన బొమ్మలన్నీ చూసి చాలాసేపు మీసం దువ్వుకున్నారు.

"మేడం, ఇది బయటపెడితే ఇన్నేళ్ల మీ కార్తీకం పద్ధతిలో లొసుగుందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఆప్ కే రిటైర్మెంట్ మే దిన్ హీ కిత్నే బచే హై? ఇంకెన్నాళ్లుంది గనక? పాత రిపోర్టులన్నీ తవ్వుతారు. మీ పేరు ఏమవుతుంది?"

"పేరుదేముంది సార్, అది పోతే పోనివ్వండి. కొండ పోతే నేను మళ్లీ మొలిపించలేను" అన్నారు ఆవిడ హిందీలో, పార్వతీపురం యాసతో. అంత పెద్ద మాట అంత మామూలుగా అనేసరికి ఆయన మీసం వదిలేసి, "ఠీక్ హై. బోలియే ఫిర్, చెప్పేయండి" అన్నారు.

మీటింగు రోజు ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చారు. కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు, మంచి సూటు, మంచి మాట. తమ కొండ ఎంత పచ్చగా ఉందో తనే బొమ్మలు తెచ్చి చూపించాడు. అన్నీ కార్తీకంవే. మా పాత రిపోర్టుల్లోంచే తీసుకున్నాడు. నేను ఫైల్లో కాగితాలు అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆవిడ మాత్రం ఇంట్లో పేరంటానికి కూర్చున్నట్టు నవ్వుతూ వింటున్నారు. ఆయన ముగించాక ఒకే ఒక బొమ్మ బల్ల మీదకి జరిపారు.

"భాయ్ సాబ్, ఇది శివరాత్రి నాటిది. చుట్టూ అడవులన్నీ ఆకు రాలుస్తున్నాయి. ఆప్ కా జంగల్ క్యోం నహీ గిరాతా? మీ అడవి రాల్చదేం?"

ఆయన చూసి పొంగిపోయాడు. "దట్ ఈజ్ ద బ్యూటీ, మేడం! మా సంరక్షణ అలాంటిది. వేసవిలో కూడా మా కొండ మీద ఒక్క ఆకు రాలదు. మీరు పక్క కొండ ఇవ్వండి, దాన్ని కూడా ఇలాగే చేసి చూపిస్తాం!"

తర్వాత బల్ల చివర కూర్చున్న అటవీ శాఖ ముసలాయన ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కాయనకి పాకింది, అక్కణ్నుంచి అందరికీ. సూటాయనకి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. ఆవిడ నవ్వలేదు. నెమ్మదిగా లేచి, అడవి ఉన్న ఆఖరి శివరాత్రి బొమ్మనీ, తర్వాతి శివరాత్రి బొమ్మనీ పక్కపక్కన పెట్టి, మబ్బు ఏడు సంగతి, తన నియమం ఎక్కడ మోసపోయిందో ఆ సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పారు. "ఇందులో తప్పు నాది కూడా ఉంది. రాసుకోండి" అన్నారు. రాసుకున్నారు కూడా. కంపెనీ అర్జీ తిరిగి వెళ్లిపోయింది. మొదటి కొండ పేరు ఎదురుగా మా రిపోర్టులో 'అడవి పోయింది' అని రాశాం. ఆ మాట టైపు చేసింది నేనే. చేస్తున్నప్పుడు గర్వమూ, దుఃఖమూ రెండూ వచ్చాయి. పోయిన అడవిని మేం తిరిగి తేలేదు, పోయిందని గట్టిగా చెప్పగలిగాం, అంతే.

ఆ నెలాఖరుకి ఆవిడ రిటైరయ్యారు. సరోజినీ నగర్ క్వార్టరు ఖాళీ చేసి, భార్యాభర్తలిద్దరూ ఘాజియాబాద్‌లో మాకు రెండు వీధుల అవతల ఫ్లాట్ తీసుకున్నారు. ఎప్పుడు ఎదురైనా, ఎలా ఉన్నావని కాదు, రెండో కొండ ఎలా ఉందని అడిగేవారు. కంపెనీవాళ్లు మళ్లీ పైనించి ప్రయత్నిస్తున్నారని విని, నిద్ర పట్టడం లేదనేవారు. కార్తీకంలో కొండ పచ్చగానే ఉందండీ అని చెబితే పెదవి విరిచేవారు. "కార్తీకంలో ప్రతిదీ పచ్చగానే ఉంటాది. శివరాత్రి రానీ, అప్పుడు చెప్పు" అనేవారు.

శివరాత్రి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఉపగ్రహం ఆ కొండల మీదుగా వెళ్లింది. బొమ్మ మా చేతికి వచ్చేసరికి ఆఫీసులో అందరం మిశ్రా వెనక నిలబడ్డాం. వాడు తెరిచాడు. రెండో కొండ మీద ఆకన్నది లేదు. గోధుమరంగు, ఎండాకులు, వంకరటింకర అంచులు. చూడ్డానికి దానంత దరిద్రంగా ఇంకేదీ ఉండదు. మేం చప్పట్లు కొట్టాం. మిశ్రా ఫోన్ స్పీకర్లో పెట్టి ఆవిడకి కలిపాడు.

"మేడం, టక్లా! పూరా టక్లా!" అని అరిచాడు.

"బోడి కొండేనా? బావూ, నువ్వు చెప్పు, నువ్వు చూసినావా? నిజంగా ఒక్క ఆకు నేదా?"

"ఒక్కటి కూడా లేదండీ" అన్నాను.

అటువైపు ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది. తర్వాత ఆవిడ కేక, మాకు కాదు, ఇంట్లోకి. "ఏమండీ! బేగి రండి! మన కొండ ఆకంతా రాల్చీసిందటండీ! ఒక్క ఆకు మిగల్నేదట!"

లోపల గదిలోంచి ఆయన గొంతు కంగారుగా వినిపించింది. "అయ్యో! అయ్యయ్యో!"

"అయ్యో కాదండీ! అబ్బో అనండి, అబ్బో!"

తర్వాత ఆయన, ఏమీ అర్థం కాకపోయినా, గట్టిగా "అబ్బో" అన్నారు. ఇటు మా ఆఫీసులో మిశ్రాతో సహా అందరం అబ్బో అన్నాం.